బాస్కు రాక్ బ్యాండు, మన ఊరి భజన గుంపు

మొన్న స్కూల్ డే రిహార్సళ్ళు మొదలుపెట్టిన రోజు ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు, ఎవరి అన్నదో ఫోను పట్టుకొని స్టాఫ్ రూము వాకిట్లో నిలబడ్డారు. "సార్, మేము ఈ పాటకి డాన్సు చేస్తాం" అన్నారు. సినిమా పాటే అయ్యుంటుందిలే అనుకుంటూ వినిపించమన్నాం. గిటార్లు, డ్రమ్సు, మధ్యలో వయొలిన్. మాకు ఆ హోరు అలవాటు లేదు, తలనొప్పి వచ్చిన మాట నిజం. కాని గొంతు అందుకోగానే నిటారుగా కూచున్నాం. అది త్యాగరాజ కృతి, నళినకాంతి రాగం.

"ఇదే భాషరా?" అని అడిగాం.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పాప నెమ్మదిగా అంది: "తెలుగు మాదిరే ఉండాది సార్. కానీ బెంగళూరోళ్ళు కదా పాడేది?"

ఆ ప్రశ్న దగ్గరే ఈ వ్యాసం పుట్టింది. గూళూరులో పుట్టి, అమ్మతో తెలుగులో పోట్లాడి, సంతలో తెలుగులో బేరమాడే పాపకు ఒక సందేహం వచ్చింది. బెంగళూరులో, గిటారు పట్టుకొని, వేలమంది ముందర పాడే భాష మన భాష అయ్యుంటుందా అని.

ఆ బ్యాండు పేరు అగం. 2003లో బెంగళూరులో మొదలైంది. సభ్యుల్లో చాలామంది సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు పాడుకున్నవాళ్ళు. ముందుండి పాడే హరీశ్ శివరామకృష్ణన్ మలయాళీ. ఆయన పాడేది తెలుగు, పాడే ఊరు కర్ణాటక రాజధాని, పాట రాసిన త్యాగయ్య 1767 నుంచి 1847 దాకా బతికిందంతా తమిళ సీమలో. ఇప్పటి లెక్కలో చూస్తే త్యాగరాజు కూడా భాషా మైనారిటీయే. తిరువయ్యారులో చుట్టూ అరవం వినబడుతుంటే ఇంట్లో తెలుగు మాట్లాడుకున్న కుటుంబం. మన మాదిరే. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు నవ్వారు గాని, ఆ పాప మాత్రం నవ్వలేదు.

"తెలుగు సదివితే ఏమొస్తాది సార్?"

అదే వారం తల్లిదండ్రుల సభ జరిగింది. ఒక తండ్రి టీసీ కోసం అర్జీ రాయించుకొని వచ్చాడు. కొడుకు నాలుగో తరగతి. బాగేపల్లిలో ఇంగ్లీషు మీడియం బడికి వ్యాను వస్తోందట, ఇంటి ముందరే ఆగుతుందట. ఆయన మాటలో కోపం లేదు, తిరస్కారం లేదు. "సార్, తెలుగు మా ఇంట్లో ఉండనే ఉండాది. దానికి బడి యాల? తెలుగు సదివితే ఏమొస్తాది?" అన్నాడు.

ఈ ప్రశ్నకు మేము ఇరవై ఏళ్ళుగా ఒకటే జవాబు చెబుతున్నాం. రాజ్యాంగం 350-ఏ అధికరణం ప్రకారం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలి, 1956లో ఏడో సవరణతో ఆ మాట చేర్చారు, ఎస్సెస్సెల్సీలో తెలుగును ప్రథమ భాషగా తీసుకోవచ్చు, దానికి 125 మార్కులు, ఇవన్నీ. అన్నీ నిజమే. కాని వ్యాను ఇంటి ముందర ఆగుతున్నప్పుడు అధికరణం సంఖ్య ఎవరికి వినబడుతుంది? మా జవాబు సభలో కూచున్న ఏ తల్లికీ తాకలేదని మాకు తెలుస్తూనే ఉంది.

అందుకని ఈసారి వేరే కథ చెప్పాం. సభలో సగం మంది ఆవులించారు, సగం మంది విన్నారు. ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

యూరపులో స్పెయిను, ఫ్రాన్సు దేశాలు కలిసే కొండల దగ్గర బాస్కులనే జనం ఉన్నారు. వాళ్ళ భాషను వాళ్ళు ఎవుస్కారా అంటారు. చుట్టూ ఉన్న స్పానిషుతో గాని ఫ్రెంచితో గాని దానికి చుట్టరికం లేదు. ప్రపంచంలో ఇప్పుడు బతికున్న మరే భాషతోనూ ఉన్నట్టు ఎవరూ నిరూపించలేదు. మాట్లాడేవాళ్ళు సుమారు ఎనిమిది లక్షలు. మన చిక్కబళ్ళాపుర జిల్లా జనాభా 2011 లెక్కల్లోనే పన్నెండున్నర లక్షలు. అంటే ఆ భాషవాళ్ళందరినీ తెచ్చి మన జిల్లాలో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. కర్ణాటకలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు అదే లెక్కల్లో ముప్పై అయిదు లక్షలు దాటారు. పక్కనే రెండు రాష్ట్రాల నిండా తెలుగువాళ్ళున్నారు. వాళ్ళకు అట్లాంటి ఆసరా ఏదీ లేదు.

పైగా స్పెయినులో ఫ్రాంకో నియంతృత్వం 1939 నుంచి 1975 దాకా నడిచింది. ఆ కాలంలో ఆ భాషను బడి నుంచి, కచేరీ నుంచి గెంటేశారు. అప్పుడు కొందరు టీచర్లు ఇళ్ళల్లో, నాలుగు గోడల మధ్య, పిల్లల్ని కూచోబెట్టుకొని చదువు చెప్పారు. ఎల్బిరా సిపిత్రియా అనే టీచరమ్మ సాన్ సెబాస్తియన్ పట్నంలో 1940ల్లోనే అట్లా ఇంట్లో బడి నడిపింది. ఆ బళ్ళను ఇకస్తోలా అంటారు. తల్లిదండ్రులే సహకార సంఘంగా ఏర్పడి నడిపే బళ్ళు అవి. ఇప్పుడు ఆ ప్రాంతమంతటా ఉన్నాయి.

ఇంకొక చిక్కు కూడా ఉండేది. ఒక లోయలో మాట్లాడే బాస్కు పక్క లోయవాళ్ళకు సరిగా అర్థమయ్యేది కాదు. 1968లో అరాంతసాసు అనే చోట భాషా అకాడమీ సమావేశమై, కోల్దో మిచెలేనా అనే భాషావేత్త చూపిన దారిలో, అందరికీ పనికొచ్చే రాత భాషను ఒప్పుకుంది. బళ్ళకు పుస్తకాలు రాయడానికి అది కావలసి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మికెల్ లబోవా లాంటి గాయకులు కొందరు ఒక బృందంగా చేరి, నిషేధాల మధ్యనే, కొత్త బాస్కు పాటలు కట్టి ఊరూరా పాడారు. తరవాత రాక్ సంగీతం వచ్చింది.

ఈ రాక్ కథలో మాకు బాగా నచ్చినవాడు ఫెర్మిన్ ముగురుసా. ఇరున్ పట్నం వాడు. మొదట ఆయన బ్యాండు స్పానిషులో పాడేది. ఆయనకు తన జాతి భాష సరిగా రాదు, పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాడు. 1988లో బాస్కులో ఆల్బం చేశాడు. ఆ తరవాత 1990లో పెట్టిన నేగు గొర్రియాక్ అనే బ్యాండు ఆ భాషలోనే పాడింది. అట్లా పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళకు అక్కడ ఒక పేరుంది: ఎవుస్కాల్దున్ బెర్రి. బెర్రి అంటే కొత్త. ఎవుస్కాల్దున్ అంటే బాస్కు మనిషి అని అర్థం, కాని ఆ మాటను విడదీస్తే "ఎవుస్కారా ఉన్నవాడు" అని వస్తుంది. రక్తం, ఊరు, ఇంటిపేరు కాదు, నోట్లో భాష ఉంటే చాలు. తెలుగు టీచర్లుగా మాకు ఆ మాట మీద కొంచెం అసూయ కలిగింది.

బెర్రి చార్రాక్

ఆ నేల మీదే నవార్రా ప్రాంతంలో లెకున్‌బెర్రి అనే చిన్న ఊరుంది. 1994లో అక్కడి కుర్రవాళ్ళు బెర్రి చార్రాక్ అని బ్యాండు పెట్టారు. ఆ పేరుకు "చెడ్డ కబుర్లు" అని అర్థం. పాడేది, గిటారు వాయించేది గోర్కా ఉర్బిసు. 1997లో మొదటి ఆల్బం వచ్చింది. రెండేళ్ళకు వచ్చిన రెండో ఆల్బం పేరు "ఇకాస్తెన్", అంటే "నేర్చుకుంటూ". రాక్ బ్యాండు తన ఆల్బానికి ఇట్లాంటి పేరు పెట్టుకుంటుందని మేమైతే ఊహించలేదు.

వాళ్ళు పాతికేళ్ళు బాస్కులోనే పాడారు. స్పానిషులో పాడితే దక్షిణ అమెరికా దాకా వినేవాళ్ళు కోట్ల మంది. ఇంగ్లీషులో పాడితే ఇక చెప్పనక్కరలేదు. అయినా భాష మార్చలేదు. ఆ భాషతోనే యూరపు దేశాలు, అమెరికా, జపాను తిరిగి వచ్చారు. 2009లో వచ్చిన ఆల్బాన్ని రికార్డు చేసింది స్టీవ్ అల్బినీ. నిర్వాణా అనే ప్రపంచ ప్రసిద్ధ బ్యాండుకు 1993లో ఆల్బం రికార్డు చేసినవాడు ఆయనే. ఎనిమిది లక్షల మంది భాషలో పాడే పల్లెటూరి కుర్రవాళ్ళ పాట, ఒక్క ముక్క అర్థం కాని పెద్దమనిషి చేతుల మీదుగా బయటికొచ్చింది. 2019లో "ఇకుసి ఆర్తే", అంటే "మళ్ళీ కలిసేదాకా" అని పేరు పెట్టి వీడ్కోలు పర్యటన చేశారు.

వాళ్ళ పాటలు వినేందుకు ముందు వరసలో నిలబడ్డ కుర్రాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? చాలామంది ఇకస్తోలాల్లో, బాస్కు మీడియం బళ్ళలో చదివి వచ్చారు. ఇంట్లో అమ్మానాన్నలకు భాష రాకపోయినా బడిలో నేర్చుకున్న తరం అది. బడి వినేవాళ్ళను తయారు చేసింది. బ్యాండు వాళ్ళకు బడి బయట కూడా ఆ భాషతో పని కల్పించింది.

ఆ బళ్ళకూ బ్యాండ్లకూ ఇంకా నేరుగా సంబంధం ఉంది, తల్లిదండ్రులు వినవలసింది అదే. ఏటా ఒక్కో ప్రాంతంలో ఒక పెద్ద జాతర జరుగుతుంది. గిపుస్కోవాలో దాన్ని కిలోమెత్రోవాక్ అంటారు, 1977లో మొదలైంది. నవార్రాలో దాని పేరు నఫర్రోవా ఓయ్‌నెస్, 1981 నుంచి నడుస్తోంది. ప్రతి ఏడూ ఒక ఇకస్తోలా ఆతిథ్యం ఇస్తుంది. జనం కొన్ని కిలోమీటర్లు నడుస్తారు, దారి పొడవునా అంగళ్ళు, స్టేజీలు. వంటలు, టోకెన్లు, పార్కింగు అన్నీ తల్లిదండ్రులే చూసుకుంటారు. స్టేజీల మీద బ్యాండ్లు పాడతాయి. ఆ ఏటి జాతరకు కొత్త పాట ఒకటి కడతారు. వచ్చిన డబ్బు బడి కట్టడానికి పోతుంది.

సభలో ఇక్కడిదాకా చెప్పేసరికి వెనక నుంచి ఒక అమ్మ అంది: "మన గంగమ్మ జాతర మాదిరి సార్!" సరిగ్గా అదే. అయితే మన జాతరలో ఆర్కెస్ట్రాకు ఇచ్చే డబ్బులో ఒక వంతు కూడా ఏనాడూ బడికి రాలేదని మా పక్కన కూచున్న సార్ గొణిగారు. ఆ మాట పైకి అనలేదు.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. వాళ్ళ కథలో నిషేధం ఉంది, నెత్తురు కూడా ఉంది. మన కథ అది కాదు. కన్నడం మనల్ని గెంటిన భాష కాదు, మనకు కూడు పెట్టే నేల భాష. 2015 చట్టంతో పదో తరగతి దాకా కన్నడం ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో తప్పనిసరి అయింది. మేము దాన్ని సంతోషంగానే చెబుతున్నాం, మా పిల్లలు అందులో మంచి మార్కులే తెచ్చుకుంటున్నారు. అక్షరాలు కూడా అక్కచెల్లెళ్ళ మాదిరే ఉంటాయి కాబట్టి పిల్లలకు పెద్ద కష్టం లేదు.

అసలు మన ఇబ్బంది బాస్కుల ఇబ్బందికి తిరగబడి ఉంది. అక్కడ బడిలో నేర్చిన పిల్లలు వీధిలోకి రాగానే స్పానిషులోకి జారిపోతారని వాళ్ళ టీచర్ల బాధ. మన దగ్గర వీధి నిండా తెలుగే. బాగేపల్లి బస్టాండులో, గూళూరు టీ అంగడిలో, పాల డైరీ దగ్గర ఏం వినబడుతుందో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. మన దగ్గర పోతున్నది అక్షరం. నోట్లో ఉన్నదాన్ని కాగితం మీద గుర్తుపట్టలేని తరం తయారవుతోంది.

తాతయ్య పాటలు ఏ అక్షరాల్లో ఉన్నాయి?

దీనికి రుజువు చింతామణి తాలూకాలోనే ఉంది. కైవారం నారేయణ తాతయ్య పేరు వినని ఇల్లు మన జిల్లాలో ఉండదు. 1726లో పుట్టి 1836లో సమాధి అయ్యాడని సంప్రదాయం చెబుతుంది. గాజుల మలారం మోసుకొని ఊళ్ళు తిరిగిన మనిషి. పరదేశి స్వామి అనే గురువు గులకరాయి ఒకటి ఇచ్చి, నోట్లో పెట్టుకొని జపం చేయమంటే, అది కలకండ అయ్యేదాకా గుహలో కూచున్నాడని పెద్దలు చెప్పుకుంటారు. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ రాశాడు. అమర నారేయణ శతకం, కాలజ్ఞానం, లెక్కలేనన్ని తత్వాలు, కీర్తనలు. గురుపూర్ణిమకు కైవారంలో జరిగే సంగీతోత్సవానికి ఎక్కడెక్కడి విద్వాంసులో వచ్చి ఆయన తెలుగు కీర్తనలు పాడి పోతారు.

మా ఊళ్ళో శనివారం రాత్రి భజన చేసే గుంపులో ముసలివాళ్ళే ఎక్కువ. తంబూర, కంజిర, తాళాలు, ఒక పాత హార్మోనియం. వాళ్ళ ముందర పరచుకునే పుస్తకాల్లో పాట తెలుగు, లిపి కన్నడం. తప్పేమీ లేదు, ఆ అక్షరాలే వాళ్ళకు బడిలో దొరికాయి. కన్నడ లిపే ఆ పాటల్ని ఇన్నాళ్ళు కాపాడింది, దానికి దండం పెట్టాలి. కాని చిన్న చిన్నవి జారిపోతాయి. తెలుగులో చ, జ లకు రెండు పలుకులున్నాయి, కన్నడంలో అట్లా లేదు. "చాలు" అన్న మాటను మనం పలికే తీరులో ఆ పుస్తకం చూసి చదివే పిల్లవాడు పలకడు. అరసున్న పోయిన చోట పదమే మారినట్టు అనిపిస్తుంది. అర్థం తెలిసిన ముసలివాళ్ళున్నంత కాలం ఫరవాలేదు.

టీసీ అర్జీ తెచ్చిన తండ్రి వాళ్ళమ్మ ఆ గుంపులో పాడుతుంది. అక్షరం ముక్క రాదు, పాటలు మాత్రం వందకు తక్కువ ఉండవు.

కన్నడంలో ఏం జరిగిందో చూడండి. శిశునాళ షరీఫ్ సాహెబు కూడా మన తాతయ్య మాదిరి తత్వాలు పాడినవాడే, 1819 నుంచి 1889 దాకా బతికాడు. మైసూరు రఘు దీక్షిత్ తన బ్యాండుతో ఆ తత్వాలను గిటారు మీద పాడాడు. 2008లో మొదటి ఆల్బం తెచ్చాడు, లండనులో టీవీ కార్యక్రమాల్లో కూడా పంచె కట్టుకొని పాడి వచ్చాడు. మా పిల్లలకు షరీఫ్ సాహెబు పాటలు అట్లాగే తెలుసు, పాఠం చెప్పి నేర్పింది మేము కాదు. హైదరాబాదులో చౌరస్తా బ్యాండు పల్లె పాటను రెగ్గేతో కలిపి తెలుగులో పాడుతోంది, అదీ పిల్లల ఫోన్లలో ఉంది. కైవారం తాతయ్య తత్వాన్ని మాత్రం ఆ ఫోన్లలో గిటారుతో మేము వినలేదు. ఆ పని బెంగళూరువాళ్ళు చేయాలా, హైదరాబాదువాళ్ళు చేయాలా? మన పిల్లలు చేస్తే ఎట్లా ఉంటుంది?

అందుకని ఎనిమిదో తరగతి నలుగురితో ఒక ఒప్పందం చేసుకున్నాం. అగం పాటకు డాన్సు సరే. దానికి బదులుగా, శనివారం భజనకు వెళ్ళి ఒక్కొక్కరు రెండు తత్వాలు విని, తెలుగు అక్షరాల్లో రాసుకు రావాలి. ఒక తత్వానికి డప్పు, కంజిరతో పాటు సైన్సు టీచరుగారి తమ్ముడి గిటారు కలిపి స్టేజీ మీద పాడాలి. గిటారుకు రెండు తంతులు లేవు, చింతామణిలో కొని వేయించాం.

మొదటి వారం రాసుకొచ్చిన నోటుపుస్తకాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒత్తులన్నీ కలగాపులగం, రెండు చోట్ల తెలుగు మధ్యలో కన్నడ అక్షరాలు దూరాయి. మమ్మల్నే తిట్టుకోవాలి, ఎనిమిదేళ్ళుగా నేర్పింది మేమే కదా. "పాట వేగంగా పోతాది సార్, రాసేలోపల అయిపోతాది" అన్నాడొకడు. రెండో వారం ఫోనులో రికార్డు చేసుకొని, ఆపి ఆపి రాశారు. అర్థం కాని మాటల కింద గీత గీసి మళ్ళీ వెళ్ళి ముసలివాళ్ళను అడిగారు. అట్లా అడిగిన మాటల్లో నాలుగైదు మాకూ తెలియవు. అవి ఏ నిఘంటువులో ఉన్నాయో ఇంకా వెతుకుతున్నాం.

ఇందులో పేరు లేకుండానే నాలుగో తరగతి పిల్లవాడు కూడా చేరిపోయాడు, ఆ టీసీ అబ్బాయి. వాళ్ళ అవ్వ పాడుతుంటే ఇంట్లోనే కూచొని రాశాడట. పెద్ద పెద్ద అక్షరాలు, పేజీకి నాలుగు వరసలు. సోమవారం అవ్వే వాడి వెంట బడికి వచ్చింది.

"సార్, వీడు రాసింది సదివి ఇనిపిచ్చినాడు. నేను పాడినట్టే ఉండాది" అంది. నోటుపుస్తకం తీసి చూపించింది, తలకిందులుగా పట్టుకొని. ఆమె కొంగు కింద దాచుకొచ్చిన చెనక్కాయలు మా టేబుల్ మీద పోసింది. తన పాటను కాగితం మీద చూడడం ఆమెకు అదే మొదటిసారి. వేలితో ఒక చోట పెట్టి, "ఇక్కడ ఏముండాది?" అని అడిగింది. పిల్లవాడు చదివాడు. "ఆఁ, అదే" అంది.

తండ్రి మరుసటి రోజు వచ్చాడు. టీసీ అర్జీ వెనక్కి తీసుకోలేదు, సంతకం పెట్టమని తొందర కూడా చేయలేదు. వ్యాను ఫీజు ఎంతో చెప్పాడు, ఇంగ్లీషు మీడియంలో తెలుగు ఒక సబ్జెక్టుగా అయినా చెబుతారా అని మమ్మల్నే అడిగాడు. ఆ బడిలో చెప్పరని మాకు తెలుసు, అదే చెప్పాం. స్కూల్ డే అయినాక మాట్లాడతానని వెళ్ళిపోయాడు.

స్కూల్ డే వచ్చే శనివారం. ఆ రోజు భజన గుంపు గుళ్ళో కాకుండా బడిలోనే కూచుంటామని ఒప్పుకుంది. హార్మోనియం శ్రుతి గిటారుకు ఇంకా కలవడం లేదు.